ఫాగ్ హిల్ ఫైట్లు: బొమ్మలో చెయ్యే లేదు, మరి దెబ్బ ఎలా తగులుతోంది?

మా బాబాయి కొడుకు ఒకడున్నాడు, డిగ్రీ సెకండియర్, రోజుకి ముప్పై నలభై రీల్స్ నాకు పంపడం వాడికి ఒక వ్రతం. సగం చూడను. మొన్నామధ్య పంపిన వాటిలో మాత్రం ఒకదాని దగ్గర వేలు ఆగిపోయింది, పదిహేను సెకన్ల క్లిప్, ఎర్రగా నిప్పులు, లావుపాటి నల్ల ఇంకు గీతలు, ఒకడు గాల్లో మెలితిరిగి తనకి పదింతలున్న మృగం మీదకి దూకుతున్నాడు, కెమెరా వాడి చుట్టూ గిర్రున తిరిగేస్తోంది, వెనకాల ఎవడో అతికించిన దరిద్రపు బీట్. కింద మెసేజ్, "అక్కా ఇది ఏ యానిమే?"

యానిమే అంటే జపాన్ యానిమేషన్, ఇది అది కాదురా, చైనాది అన్నాను.

"పో అక్కా, చైనావన్నీ త్రీడీ ప్లాస్టిక్ బొమ్మలే కదా" అన్నాడు. సరే ఇక్కడ మొదలైంది గొడవ. వాడికి ఫోన్‌లో చెప్పిందే కొంచెం సర్ది ఇక్కడ రాస్తున్నా, ఎందుకంటే ఈ సిరీస్ చూసిన వాళ్లందరూ చివరికి వచ్చి అడిగేవి రెండే రెండు, ఆ ఫైట్లు అలా ఎలా తీశారు, ఇంత బాగుంటే మరి ఎపిసోడ్లు ఇంత తక్కువేంటి. రెండూ వేరువేరు ప్రశ్నల్లా కనిపిస్తాయి గానీ నా లెక్కలో రెండిటికీ జవాబు ఒకటే.

సిరీస్ పేరు చైనీస్‌లో వూషాన్ వూషింగ్, బయట అందరూ పిలిచేది ఫాగ్ హిల్ ఆఫ్ ఫైవ్ ఎలిమెంట్స్ అని. 2020 జూలైలో బిలిబిలి అనే చైనా వీడియో సైట్‌లో మొదలైంది. డైరెక్టర్ లిన్ హున్, కథ దగ్గర్నుంచి స్టోరీబోర్డు దాకా చాలా పనులు ఆయన చేతిమీదే నడిచాయి, టీమ్ చాలా చిన్నది. స్టూడియో ఇంగ్లిష్ పేరు సంసార, అవును మన సంసారమే, బౌద్ధంతో పాటు అక్కడికి వెళ్లిన ఆలోచన. మొదటి సీజన్‌లో ఎపిసోడ్లు ఎన్నో తెలుసా, మూడు. తర్వాతి భాగం వచ్చింది 2023 జూలైలో. మధ్యలో మూడేళ్లు. మూడు ఎపిసోడ్లతో మూడేళ్లు సంసారం ఈదడం అంటే మాటలా.

ఇంకో మాట, చైనా యానిమేషన్‌ని దొంగ్‌హువా అంటారు. దొంగ అని మొదలయ్యేసరికి మనకి నవ్వొస్తుంది, పైగా జపాన్‌ది కాపీ కొట్టారని అనేవాళ్లకి పేరులోనే సాక్ష్యం దొరికినట్టు ఉంటుంది, కానీ ఆ మాటకి అర్థం కదిలే బొమ్మలు అని, అంతే. కాపీ సంగతి కిందకి వస్తా.

కథ గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే కథ కోసం ఎవరూ దీన్ని మళ్లీ మళ్లీ చూడరు. మనుషుల్ని పీక్కుతినే మాయా మృగాలు, వాటిని ఆపడానికి అయిదు శక్తులు పొందిన కొందరు, వాళ్లలో నిప్పు శక్తి ఉన్నవాడు మన హీరో వెన్‌రెన్ యీషువాన్. ఎవరు ఎవరికి ఏమవుతారో మొదటి ఎపిసోడ్‌లో సగం అర్థం కాదు, సబ్‌టైటిల్స్ చదివేలోపు మారిపోతుంటాయి. కానీ ఆ "అయిదు శక్తులు" అన్న దగ్గర మనవాళ్లు తప్పకుండా ఒక పొరపాటు పడతారు కాబట్టి అది మాత్రం విప్పాలి.

ఫైవ్ ఎలిమెంట్స్ అనగానే మనం పంచభూతాలు అనేసుకుంటాం, నేల, నీరు, నిప్పు, గాలి, ఆకాశం. వూషింగ్ అవి కావు. వాళ్ల లిస్టులో ఉన్నవి చెట్టు, నిప్పు, మట్టి, లోహం, నీరు. గాలీ లేదు ఆకాశమూ లేదు. తేడా లిస్టులోనే కాదు, ఆలోచనలోనే ఉంది. మన పంచభూతాలు దేనితో తయారయ్యాం అన్న ప్రశ్నకి జవాబు, అందుకే పోయినవాళ్లని పంచభూతాల్లో కలిసిపోయారు అంటాం. షింగ్ అనే మాటకి అర్థం నడవడం, కదలడం. అంటే అవి అయిదు పదార్థాల కంటే అయిదు నడకలు అనుకోవడం మేలు, ఒకటి ఇంకోదానిగా ఎలా మారుతుంది, ఒకటి ఇంకోదాన్ని ఎలా అణిచేస్తుంది అన్నదే అక్కడ ముఖ్యం. కట్టె నిప్పుని పెంచుతుంది, నిప్పు బూడిదై మట్టి అవుతుంది, మట్టిలోంచి లోహం వస్తుంది, లోహం మీద నీటి చెమ్మ పడుతుంది, నీరు చెట్టుని పెంచుతుంది, ఇది ఒక చక్రం. రెండోది అణిచే చక్రం, చెట్టు వేళ్లు మట్టిని చీలుస్తాయి, మట్టి కట్ట నీటిని ఆపుతుంది, నీరు నిప్పుని ఆర్పుతుంది, నిప్పు లోహాన్ని కరిగిస్తుంది, లోహం గొడ్డలై చెట్టుని నరుకుతుంది. ఇప్పుడు దీన్ని ఒక ఫైట్ మాస్టర్ చేతిలో పెట్టండి. ఎవడు ఎవడితో తలపడితే ఎవడిది పైచేయి అన్నది ముందే సగం రాసిపెట్టి ఉంటుంది, ఆ లెక్కని ఎలా తిప్పికొట్టాలి అన్నదే ఫైట్. పైగా మొత్తం కదలిక గురించిన ఆలోచన కాబట్టి కదిలే బొమ్మలకి ఇంతకంటే సరిపడే సరుకు ఏముంటుంది చెప్పండి.

ఇంక ఫైట్ల దగ్గరికి వద్దాం. మావాడికి ఒక పని చెప్పాను, మీరూ చేయండి. కంప్యూటర్‌లో యూట్యూబ్‌లో ఈ సిరీస్ ట్రైలర్ పెట్టుకోండి, ఫైట్ రాగానే పాజ్ కొట్టండి, తర్వాత కీబోర్డు మీద ఫుల్‌స్టాప్ కీ నొక్కుతూ వెళ్లండి. ఒక్కో నొక్కుకి ఒక్కో ఫ్రేమ్, అంటే వీడియోలో ఒక్కో నిశ్చల చిత్రం, ముందుకి జరుగుతుంది, కామా నొక్కితే వెనక్కి. అయిదు నిమిషాల తర్వాత వాడి నుంచి మెసేజ్ వచ్చింది, "అక్కా ఇందులో చెయ్యే లేదు."

నిజమే, లేదు. గుద్దు మొదలయ్యే ముందు బొమ్మలో చెయ్యి శుభ్రంగా ఉంటుంది, వేళ్లతో సహా. దాని తర్వాతి బొమ్మలో భుజం దగ్గర్నుంచి ఎదుటివాడి మొహం దాకా ఒక కుంచె గీత ఉంటుంది, అంతే, చివర కాస్త చీలిపోయి. ఆ తర్వాత ఒకటి రెండు ఫ్రేములు స్క్రీన్ మొత్తం రంగులు పోయి నలుపు తెలుపుగా మారిపోతుంది. మళ్లీ రంగులు వచ్చేసరికి దెబ్బ తగిలిపోయి ఉంటుంది, ఎదుటివాడు వంగిపోయి ఉంటాడు, రాళ్లు గాల్లో ఉంటాయి. గుద్దు "తగిలే" బొమ్మ అసలు ఎక్కడా గియ్యలేదు! మన బుర్ర ఆ ఖాళీని పూరించేసుకుంది, పూరించుకున్నది కాబట్టే అంత గట్టిగా తగిలింది.

ఇలా చెయ్యిని సాగదీసి గీసే ఫ్రేముని యానిమేషన్ వాళ్లు స్మియర్ అంటారు, రంగులు పోయి నలుపు తెలుపయ్యే ఫ్రేముని ఇంపాక్ట్ ఫ్రేమ్ అంటారు. ఇవి చైనావాళ్లు కనిపెట్టినవి కాదు. స్మియర్లు 1940ల అమెరికా కార్టూన్లలోనే ఉన్నాయి, ఇంపాక్ట్ ఫ్రేములు, ముక్కలు ముక్కలుగా ఎగిరే రాళ్లు, ఇదంతా జపాన్ టీవీ యానిమే బాగా సానబెట్టిన విద్య, ఫాగ్ హిల్ ఆ విద్య నేర్చుకున్నది అనడానికి ఏ సిగ్గూ అక్కర్లేదు. అయితే అప్పు ఒక వైపే లేదు. 1941లో వాన్ సోదరులు చైనాలో మొదటి పూర్తి నిడివి యానిమేషన్ సినిమా తీస్తే, దాన్ని చిన్నప్పుడు చూసి కదిలిపోయిన జపాన్ కుర్రాళ్లలో ఒకడు ఒసాము తెజుకా, తర్వాత జపాన్ కామిక్స్‌కి పెద్ద దిక్కు అయినాయన. కాబట్టి కాపీ కాపీ అని కామెంట్లలో కొట్టుకునేవాళ్లు కొంచెం ఊపిరి పీల్చుకోవచ్చు.

మరి ఫాగ్ హిల్‌లో సొంతది ఏంటి అంటే, ఆ సాగదీసిన చెయ్యి ఎలాంటి గీతతో గీశారు అన్నది. దీనికి మా అమ్మ ముగ్గు దగ్గరికి వెళ్లాలి. అనుభవం ఉన్న చెయ్యి ముగ్గు వేస్తే గీత సన్నగా ఒకే ధారగా వస్తుంది, నాలాంటిది వేస్తే ప్రతి మలుపు దగ్గరా ఆలోచిస్తాను కాబట్టి అక్కడ పిండి కుప్ప పడుతుంది. గీత ఆరిపోయాక, వేసిన మనిషి లోపలికి వెళ్లిపోయాక కూడా, ఎక్కడ చెయ్యి పరిగెత్తిందో ఎక్కడ తడబడిందో గీత చూసి చెప్పేయొచ్చు. చైనా కుంచె గీత కూడా ఇంతే. ఇంకు నిండా ఉన్న కుంచెని నెమ్మదిగా లాగితే గీత నిండుగా తడిగా వస్తుంది, వేగంగా లాగితే వెంట్రుకలు విడిపోయి మధ్యమధ్యలో కాగితం తెల్లగా కనిపిస్తుంది. ఆ తెల్ల చారలకి వాళ్లు ఒక పేరు కూడా పెట్టుకున్నారు, ఫేయ్‌బాయ్, ఎగిరే తెలుపు అని. వందల ఏళ్లుగా కాలిగ్రఫీలో ఉన్న మాట.

ఇప్పుడు ఆలోచించండి. కామిక్స్‌లో వేగం చూపించాలంటే మనిషి చుట్టూ విడిగా గీతలు గీస్తారు, రయ్యిమని వెళ్తున్నాడు అని మనకి చెప్పడానికి. కుంచె గీతకి ఆ అవసరం లేదు, వేగం గీత లోపలే ఉంది. ఫాగ్ హిల్‌లో ఒక కాలు స్క్రీన్ అడ్డంగా గీతై పోయినప్పుడు ఆ గీత చివర చీలిపోయి తెల్లగా ఉంటుంది చూడండి, అది స్మియరూ అవుతుంది, ఎగిరే తెలుపూ అవుతుంది, అమెరికా టెక్నిక్ ఒకటి చైనా కుంచెతో కలిసిపోయింది. నిప్పు కూడా అంతే, ఎర్రటి ఇంకు చిమ్మినట్టు ఉంటుంది, పొగ తడి కాగితం మీద ఇంకు పాకినట్టు ఉంటుంది. నాకు ఈ సిరీస్‌లో అన్నిటికంటే ముచ్చటేసేది ఇదే.

దీనికి తోడు ఖాళీ. నీళ్లూ ఇంకూ కలిపి వేసే బొమ్మలని షుయ్‌మో అంటారు, ఇంకులో అయిదు రంగులున్నాయి అని వాళ్ల సామెత, అంటే కటిక నలుపు నుంచి లేత బూడిద దాకా. ఆ బొమ్మల్లో పొగమంచుని ఎవరూ గియ్యరు, కాగితాన్ని అలా వదిలేస్తారు, కొండ పైభాగం కనిపిస్తుంది, కింద చెట్టు కనిపిస్తుంది, మధ్యలో ఏమీ లేదు, ఆ ఏమీ లేనిదే పొగమంచు. సిరీస్ పేరులోనే పొగమంచు కొండ ఉంది చూడండి. ఫైట్ పీక్‌కి వెళ్లినప్పుడు చాలాసార్లు బ్యాక్‌గ్రౌండ్ కరిగిపోయి కాగితం లాంటి తెలుపు మిగులుతుంది, ఇద్దరు మనుషులు, రెండు గీతలు. మన కన్ను ఎక్కడికి వెళ్లాలో ఇంకో దారి ఉండదు.

ఈ ఇంకు బొమ్మల్ని కదిలించడం ఎంత కష్టమో తెలియాలంటే 1960కి వెళ్లాలి. షాంఘై యానిమేషన్ స్టూడియోలో త వేయ్ అనే దర్శకుడి టీమ్, తోకకప్ప పిల్లలు తల్లిని వెతుక్కునే పావుగంట సినిమా ఒకటి తీసింది, చీ బైషీ అనే పెద్ద చిత్రకారుడి కప్పల బొమ్మల పద్ధతిలో. మామూలు కార్టూన్‌లో బొమ్మకి చుట్టూ గీత ఉంటుంది, లోపల రంగు నింపుతారు. ఇంకు బొమ్మకి గీతే ఉండదు, అంచులు కరిగిపోతుంటాయి. అందుకని ఒక్కో కప్పని ముదురు నలుపు, లేత నలుపు, బూడిద అని పొరలుగా విడదీసి, ఒక్కో పొరని విడిగా ఫోటో తీసి, మళ్లీ ఒకదాని మీద ఒకటి కలిపేవాళ్లు. ఒక్క సెకనుకి ఇలా ఎన్ని చెయ్యాలో ఊహించుకోండి. ఆ పద్ధతిలో మొత్తం తీసినవే చాలా కొద్ది, 1963లో పశువుల కాపరి వేణువు కథ, 1988లో కొండలూ నీళ్లూ ఒక వీణ గురువూ ఉన్న కథ, అన్నీ చిన్న సినిమాలే. వాటిలో ఎవరూ ఎవర్నీ తన్నుకోరు, అంతా ప్రశాంతం. ఆ ప్రశాంతమైన కుంచెని పట్టుకొచ్చి తన్నులాటలో పెట్టడమే ఫాగ్ హిల్ చేసిన సాహసం. ఇప్పుడు కంప్యూటర్లో గీస్తారు కాబట్టి ఆ పొరల ఫోటోల బాధ లేదు, కానీ గీత మాత్రం ఎవరో ఒకరు గియ్యాల్సిందే.

సరే, గీత సంగతి అయింది. బరువు సంగతి చూద్దాం, మావాడి "ప్లాస్టిక్ బొమ్మలు" మాటకి జవాబు ఇక్కడుంది.

రోకలితో దంచడం చూశారుగా, చూడకపోతే అమ్మమ్మని అడగండి. రోకలి పైకి నెమ్మదిగా లేస్తుంది, పైన ఒక్క క్షణం ఆగినట్టు ఉంటుంది, కిందకి మాత్రం కన్ను మూసి తెరిచేలోపు పడిపోతుంది, పడ్డాక చిన్నగా ఎగిరి ఆగుతుంది. దాన్ని యానిమేట్ చేయాలంటే పైకి లేవడానికి ఒక ఆరు బొమ్మలు, పైన ఆగడానికి రెండు, కింద పడటానికి ఒకటే, ఆ తర్వాత ఎగురుడుకి రెండు మూడు. ఇలా సమానంగా పంచకపోవడంలోనే బరువు ఉంది. అదే పని త్రీడీలో సాఫ్ట్‌వేర్‌కి పైన ఒక పోజు, కింద ఒక పోజు ఇచ్చి వదిలేస్తే మధ్యలోవి అదే నింపేస్తుంది, నున్నగా, దూదిపింజ జారినట్టు. మంచి యానిమేటర్ కూర్చుని ఆ లెక్కంతా చేత్తో సరిచేస్తే త్రీడీలో కూడా బరువు వస్తుంది, రాదని కాదు, కానీ వారానికి ఒక ఎపిసోడ్ దింపాలంటే ఎవరికి టైముంది. హీరో కొడితే సుమో గాల్లోకి లేచే సీన్లు మనమూ చూశాం కదా, రోప్ ఎక్కడ కట్టారో తెలిసిపోతే ఎలా ఉంటుందో ఇలా హడావుడిగా దింపిన త్రీడీ ఫైట్లూ అలాగే ఉంటాయి, మనుషులు నేల మీద ఉన్నట్టే అనిపించదు.

త్రీడీ ఎందుకు అంతగా వచ్చిందో కూడా తిట్టేముందు తెలుసుకోవాలి. చైనాలో వెబ్ నవలలకి ఉన్న పిచ్చి మామూలుది కాదు, వేల చాప్టర్లు ఉంటాయి, సాధన చేసి చేసి ఒక్కో మెట్టూ ఎక్కి దేవుడయ్యే హీరోలు. వాటిని సిరీస్‌గా తియ్యాలంటే వందల ఎపిసోడ్లు కావాలి. సోల్ ల్యాండ్ అనే సిరీస్ టెన్సెంట్ అనే కంపెనీ వీడియో సైట్‌లో 2018 జనవరిలో మొదలై 2023 దాకా వారంవారం నడిచింది, 260కి పైగా ఎపిసోడ్లు. త్రీడీలో హీరోని ఒక్కసారి తయారుచేస్తే ఆ బొమ్మే చివరిదాకా పనికొస్తుంది, ఊరు ఒకసారి కడితే కెమెరా ఎటు కావాలంటే అటు పెట్టుకోవచ్చు. మన తోలుబొమ్మలాట గుర్తు తెచ్చుకోండి, మోకాలి దగ్గర మోచేతి దగ్గర ముడులేసిన ఒకే బొమ్మతో రాత్రంతా రామాయణం ఆడించేస్తారు. రోజుకి ఒక కొత్త తోలు గియ్యమంటే ఆట ఆడేదెప్పుడు? టూడీలో, అంటే చదునుగా గీసే బొమ్మల్లో కూడా ఇలా ముక్కలు అతికి తిప్పే పద్ధతి ఉంది, టీవీకి వందల ఎపిసోడ్లు కావాల్సిన వాళ్లందరికీ అదే దారి. ఫాగ్ హిల్ మాత్రం ప్రతి ఫ్రేముకీ కొత్త తోలు గీస్తానని కూర్చుంది.

ఎంత కష్టమో ఒక చిన్న లెక్క వేద్దాం. సెకనుకి 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మని రెండు ఫ్రేములు నిలబెడితే 12 బొమ్మలు చాలు, దీన్నే టూస్ మీద గియ్యడం అంటారు, మామూలు సీన్లకి అది చాలు, ఇంకా తక్కువలో కూడా లాగించేస్తారు. ఫైట్‌లో కొన్ని చోట్ల ప్రతి ఫ్రేముకీ ఒక బొమ్మ కావాలి. మూడు నిమిషాల ఫైట్ మొత్తం అలా గియ్యాలంటే 4,320 బొమ్మలు, ఒక్క మనిషికి, అవతల ఇంకొకడున్నాడు, నిప్పు ఉంది, రాళ్లున్నాయి. లెక్క కోసం ఒకాయన రోజుకి ఇరవై బొమ్మలు గీస్తాడనుకుంటే 216 రోజులు, ఆదివారాలు లేకుండా. ఇక రీల్‌లో అందర్నీ పడగొట్టిన ఆ తిరిగే కెమెరా సంగతి. మామూలుగా టూడీలో బ్యాక్‌గ్రౌండ్ ఒక పెయింటింగ్, దాని ముందు మనుషులు కదులుతారు. కెమెరా చుట్టూ తిరగాలంటే ఆ పెయింటింగ్ పనికిరాదు, కొండలూ ఇళ్లూ నేలా అన్నిటినీ ఫ్రేము ఫ్రేముకీ కొత్త కోణంలో మళ్లీ గియ్యాలి. త్రీడీ వాడికి మౌస్‌తో తిప్పే పని అది. వీళ్లకి వారాలు.

ఇంత ఖర్చులో వీళ్లు ఊపిరి ఎక్కడ పీల్చుకుంటారు అన్నది కూడా గమనించండి, నాకు అది భలే నచ్చింది. చైనా ఒపేరాలో ల్యాంగ్‌షియాంగ్ అని ఉంది, నటుడు గిర్రున తిరిగి కత్తి ఝుళిపించి, తాళం ఠంగుమనగానే ఒక భంగిమలో బిగుసుకుపోతాడు, కళ్లు మాత్రం ప్రేక్షకుల మీద. జనం చప్పట్లు కొట్టేది అక్కడే. మన హీరో నలుగురిని పడేసి కాలర్ సర్దుకుంటూ ఆగేది కూడా అలాంటి క్షణమే అనుకోండి. ఇందాక చెప్పిన వాన్ సోదరుల్లో ఒకరైన వాన్ లైమింగ్ 1961, 1964లో రెండు భాగాలుగా తీసిన కోతిరాజు సినిమాలో ఫైట్లన్నీ ఈ ఒపేరా డప్పుల మీదే నడుస్తాయి, కొట్టు, కొట్టు, ఆగు. ఫాగ్ హిల్‌లో కూడా అదే లయ, గాలివానలాగా పది సెకన్లు, తర్వాత ఒక్క భంగిమ, బట్టలు మాత్రం ఊగుతుంటాయి. ఆ ఆగిన క్షణంలో బొమ్మలు గియ్యక్కర్లేదు కదా! చెయ్యి నొప్పికి విశ్రాంతి, ప్రేక్షకుడికి ఈల వేసే టైము, రెండూ ఒకే చోట దొరికాయి. చూసేవాడికి అది పొదుపులా కనిపించదు, దర్జాలా కనిపిస్తుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నలు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఫైట్లు బాగుండటానికి కారణం ప్రతి గీతలో ఒక మనిషి చెయ్యి ఉండటం. ఎపిసోడ్లు లేకపోవడానికి కారణం కూడా అదే చెయ్యి. టీమ్‌ని పదింతలు చేస్తే అయిపోదా అంటారు, ఎపిసోడ్లు వస్తాయి, కానీ అందరి చేతులూ ఒకేలా గియ్యాలంటే గీతని సులువు చెయ్యాలి, అంచులు కడగాలి, కుంచె తీసేసి పెన్ను ఇవ్వాలి. మా అమ్మ ముగ్గుని పదిమందికి పంచితే అచ్చు డబ్బా కొనుక్కోవాల్సిందే కదా.

అయితే దారులు ఈ రెండే అని కాదు. సిజర్ సెవెన్ అని ఒకటుంది, 2018లో మొదలైంది, 2020లో నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది, గతం మర్చిపోయిన ఒక మంగలి కుర్రాడు కత్తెర పట్టుకుని కిరాయి హంతకుడిగా బతకాలని చూస్తాడు, ఒక్క హత్యా సరిగ్గా చెయ్యలేడు, పక్కన నీలం రంగు కోడి ఒకటి. డైరెక్టరే హీరోకి గొంతిచ్చాడు. అందులో మొహాలు చిన్నపిల్లలు గీసినంత సింపుల్‌గా ఉంటాయి, చాలాసేపు కామెడీ, కదలిక పెద్దగా ఉండదు, అలా మిగిల్చుకున్నదంతా ఫైట్ వచ్చినప్పుడు ఒక్కసారి గుమ్మరిస్తారు. ఇంట్లో పచ్చడి మెతుకులు తిని పెళ్లికి పట్టుచీర కట్టడం లాంటిది. 2025లో వచ్చిన టు బి హీరో ఎక్స్ అయితే ఇంకో ఎత్తు వేసింది, కథలోనే త్రీడీ ప్రపంచం టూడీగా మారిపోతుంటుంది, ఏ ఫైట్‌కి ఏది సరిపడితే అది. ఇక అదే ఏడాది నెజా అనే చైనా యానిమేషన్ సినిమా రెండో భాగం థియేటర్లలో ప్రపంచ రికార్డులు కొట్టింది కదా, అది పూర్తి త్రీడీ, డబ్బూ టైమూ పెడితే త్రీడీలో బరువు ఎలా వస్తుందో చూడాలంటే అది చూడండి. అన్నట్టు ఆ నెజా అనే పేరు మూలం మన నలకూబరుడే అని పండితులు చెప్తారు, భాగవతంలో కృష్ణుడు రోలు ఈడ్చుకెళ్తే మద్దిచెట్లలోంచి బయటపడిన ఇద్దరిలో ఒకడు, కుబేరుడి కొడుకు. బౌద్ధంతో వెళ్లి అక్కడ కాళ్ల కింద నిప్పు చక్రాలు తగిలించుకున్నాడు.

చూడాలనుకునేవాళ్లకి నా సలహా, ఫాగ్ హిల్ మొదటి సీజన్ మూడు ఎపిసోడ్లూ మొదటిసారి కథ కోసం చూడండి, అర్థం కాకపోయినా పర్లేదు. రెండోసారి సబ్‌టైటిల్స్ ఆపేసి చూడండి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, డప్పు ఎక్కడ ఆగుతోందో వినండి. రీల్స్‌లో మాత్రం చూడకండి, నిలువు స్క్రీన్ కోసం రెండు వైపులా కోసేస్తారు, ఆ కోసేసిన దాంట్లోనే తెలుపంతా పోతుంది, పైగా అసలు సౌండ్ తీసేసి ఆ బీట్ ఒకటి.

మావాడు ఇదంతా విని, లెక్కలు నమ్మకుండా, పాత ప్రాక్టికల్ రికార్డు బుక్కు మూలల్లో ఒక గుద్దు గీస్తానని కూర్చున్నాడు, పేజీలు టకటకా తిప్పితే కదిలేలాగా. ఇరవై నాలుగు పేజీలంటే ఒక్క సెకనే కదా ఎంతసేపు అన్నాడు. పదకొండు పేజీలకి ఆపేశాడు, అంటే అర సెకను కూడా కాలేదు, చెయ్యి పైకి లేచింది, ఇంకా కిందకి రాలేదు. ఏమైందిరా అనడిగితే, "సీజన్ టూలో కొడతాడు ఆగక్కా" అన్నాడు.